నదీ కోత, ఇసుక కదలికపై ప్రయోగశాల పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి వంటి నదిని ఒక గదిలోకి ఎలా తీసుకువస్తారు?

నదిని మొత్తంగా ఎవరూ తీసుకురాలేరు. నదిలో ఒకేసారి పనిచేసే అనేక కారణాల్లో ఒకటి రెండింటిని ఎంచుకుని, మిగిలినవాటిని మార్చకుండా ఉంచి పరిశీలిస్తారు. ఇందుకు వాడే ప్రధాన పరికరాన్ని ఫ్లూమ్ అంటారు. ఇది గాజు గోడలున్న పొడవైన కాలువ. కొన్ని మీటర్ల నుంచి వంద మీటర్ల దాకా పొడవుండవచ్చు. దాని అడుగున ఇసుక లేదా గులకరాళ్లు పరిచి, పంపుతో నీరు వదిలి, వాలును, నీటి పరిమాణాన్ని, ఇసుక మోతాదును కావలసినట్టు మారుస్తారు. నదిలో పదేళ్లకోసారి వచ్చే వరదను ఫ్లూమ్‌లో ఉదయం ఒకసారి, సాయంత్రం మరోసారి పంపవచ్చు. ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడగగలగడమే ప్రయోగశాల ఇచ్చే అసలు లాభం.

ఇలాంటి పరిశోధన ఎప్పుడు, ఎందుకు మొదలైంది?

ఫ్రాన్స్‌లో లూయీ ఫార్గ్ 1875లో గరోన్ నదికి, ఇంగ్లండులో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ 1880లలో మెర్సీ నదీముఖానికి చిన్న నమూనాలు కట్టి ఇసుక కదలికను చూశారు. అయితే కొలతల పునాది మీద జరిగిన తొలి పెద్ద ప్రయత్నం అమెరికా భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్‌దని చెప్పాలి.

దాని వెనుక ఒక సామాజిక గొడవ ఉంది. కాలిఫోర్నియాలో బంగారం కోసం కొండలను బలమైన నీటిధారలతో కోసి, మిగిలిన రాళ్లూ మట్టీ నదుల్లోకి వదిలేవారు. నదుల అడుగు లేచింది, వరదలు పొలాల మీద పడ్డాయి, రైతులు కోర్టుకు వెళ్లారు. 1884లో న్యాయమూర్తి సాయర్ ఇచ్చిన తీర్పుతో ఆ వ్యర్థాలను నదుల్లోకి వదలడం నిలిచిపోయింది. కాని అప్పటికే నదుల్లో చేరిన రాళ్లూ ఇసుకా ఎంతకాలానికి కిందికి కదులుతాయన్న ప్రశ్న మిగిలిపోయింది. జవాబు కోసం గిల్బర్ట్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఫ్లూములు కట్టించి, వేర్వేరు పరిమాణాల ఇసుకను నీరు ఎంతెంత మోస్తుందో తూచి, ఫలితాలను 1914లో ప్రచురించాడు. శతాబ్దం దాటినా ఆ కొలతలను పరిశోధకులు తమ సమీకరణాలను సరిచూసుకోవడానికి వాడుతూనే ఉన్నారు. సమీకరణాలు మారుతుంటాయి గాని జాగ్రత్తగా తూచిన ఇసుక బరువు మారదు. అందుకే ఈ రంగంలో సిద్ధాంతానికన్నా మంచి కొలతకు ఆయుర్దాయం ఎక్కువని నా నమ్మకం.

అడుగున ఉన్న ఇసుక రేణువు ఏ క్షణంలో కదులుతుంది?

నీరు అడుగు మీద పారుతున్నప్పుడు దాన్ని ముందుకు ఈడుస్తుంది. ఈ ఈడ్పు బలం నీటి లోతుతోనూ వాలుతోనూ పెరుగుతుంది. రేణువును నిలిపి ఉంచేది నీటిలో దానికున్న బరువు. ఈ రెండింటి నిష్పత్తి ఒక హద్దు దాటితే రేణువు దొర్లడం మొదలవుతుంది. 1936లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ షీల్డ్స్ అనే అమెరికన్ విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో ఈ నిష్పత్తిని ప్రతిపాదించాడు. నేటికీ దాన్ని షీల్డ్స్ సంఖ్య అనే పిలుస్తారు. సాధారణ ఇసుక, గులకరాళ్లకు ఆ హద్దు సుమారు 0.03 నుంచి 0.06 మధ్య ఉంటుంది.

ఒక లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఫ్లూమ్‌లో 10 సెంటీమీటర్ల లోతు నీరు, వెయ్యికి ఒకటి వాలుతో పారుతోందనుకుందాం. అడుగుపై ఈడ్పు చదరపు మీటరుకు దాదాపు 1 న్యూటన్. ఒక మిల్లీమీటరు ఇసుకను కదిలించడానికి సుమారు 0.6 న్యూటన్లు చాలు కాబట్టి అది కదులుతుంది. 5 మిల్లీమీటర్ల గులకకు మూడున్నర న్యూటన్ల పైన కావాలి కాబట్టి అది కదలదు. అదే వాలుతో లోతు ఒక మీటరు అయితే ఈడ్పు పది రెట్లవుతుంది, గులక కూడా బయలుదేరుతుంది. లోతైన వరదలో పెద్ద రాళ్లు సైతం కదలడానికి కారణమిదే.

అయితే ఈ హద్దు గీత గీసినంత కచ్చితమైనది కాదని ఫ్లూమ్ పక్కన గంటసేపు కూర్చున్నవారికి తెలుస్తుంది. నీటి అలజడిలో అప్పుడప్పుడు వచ్చే బలమైన ఊపు ఎక్కడో ఒక రేణువును లేపుతుంది, పక్కనున్నవి కదలకుండా ఉండిపోతాయి. ఈ అనిశ్చితిని సంభావ్యత గణితంతో పట్టుకోవాలని చూసినవాడు హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. ఆయన భౌతిక శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ కుమారుడు. 1937లో జ్యూరిక్‌లో ఈ విషయం మీదే డాక్టరేట్ వ్యాసం రాసి, తరవాత బర్క్‌లీలో పనిచేశాడు. అదే జ్యూరిక్ ప్రయోగశాలలో మేయర్-పీటర్, మ్యూలర్ 1948లో ఇచ్చిన సూత్రాన్ని ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు.

సన్నని మట్టి ఇసుకకన్నా సులువుగా కొట్టుకుపోవాలి కదా?

కదిలాక అవును, కదలడానికి ముందు కాదు. స్వీడన్ శాస్త్రవేత్త హ్యూల్‌స్ట్రామ్ 1935లో గీసిన రేఖాచిత్రం చూపేది ఇదే: సన్నని, మధ్యరకం ఇసుక అన్నిటికన్నా తేలిగ్గా కోసుకుపోతుంది. దానికన్నా సన్నని బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండటంతో వాటిని విడదీయడానికి ఎక్కువ వేగం కావాలి. ఒకసారి విడివడితే మాత్రం అవి ఆగవు. నిలకడ నీటిలో ఒక మీటరు లోతుకు దిగడానికి ఒక మిల్లీమీటరు ఇసుకకు పది సెకన్ల లోపు సమయం పడితే, వందో వంతు మిల్లీమీటరు ఒండ్రుకు మూడు గంటలు, వెయ్యో వంతు మిల్లీమీటరు బంకకు దాదాపు రెండు వారాలు పడుతుంది. వరద తగ్గాక కూడా నీరు రోజుల తరబడి ఎర్రగానే ఉండటానికి కారణం ఈ తేడా.

బంకమట్టి గట్లను పరీక్షించేందుకు వాలు ఫ్లూమ్ ఒక్కటే సరిపోదు. గట్టు నుంచి మట్టిని చెదరకుండా గొట్టంలో తీసి, దానిపై నీటిధార కొట్టి ఎంత వేగంగా గుంట పడుతుందో కొలిచే పద్ధతులున్నాయి. ఒకే ఊరి గట్టులో రెండు అడుగుల తేడాతో తీసిన నమూనాలు కూడా వేర్వేరు ఫలితాలు ఇవ్వడం మామూలే.

ప్రయోగంలో ఇసుకను పైనుంచి పోస్తారా, లేక కొట్టుకుపోయినదే తిరిగి వస్తుందా?

ఈ ప్రశ్నను సాధారణంగా చివర్లో అడుగుతారు గాని మొదట అడగవలసింది ఇదే. ప్రయోగ ఫలితాన్ని దీనికన్నా ఎక్కువగా మార్చే ఎంపిక మరొకటి లేదు.

ఫ్లూములు ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో పైచివర ఇసుకను నిర్ణీత మోతాదులో పోస్తారు, కిందిచివర వచ్చినదాన్ని పట్టి తూస్తారు. నది తనకు వచ్చే ఇసుకను మోయడానికి తగిన వాలును తానే కట్టుకుంటుంది. ఇసుక ఎక్కువైతే మేట వేసి వాలును పెంచుకుంటుంది, తక్కువైతే అడుగును కోసి వాలును తగ్గించుకుంటుంది. రెండో రకంలో కిందికి చేరిన ఇసుకను నీటితో పాటు పంపు ద్వారా మళ్లీ పైకి పంపుతారు. అందులో ఎంత ఇసుక కదలాలో ప్రయోగం చేసేవారు నిర్ణయించరు, ప్రవాహమే నిర్ణయిస్తుంది. మిశ్రమ రేణువులతో చేసినప్పుడు ఈ రెండు ఫ్లూములు ఒకే నీటికి రెండు వేర్వేరు అడుగులను ఇవ్వగలవు. రెండూ సరైన జవాబులే, అయితే వేర్వేరు ప్రశ్నలకు.

మూడో పరిస్థితి కూడా ఉంది. ఇసుక పోయడం పూర్తిగా ఆపేసి నీరు మాత్రమే వదిలితే ఏమవుతుందో చూడండి. మొదట సన్నని ఇసుక వెళ్లిపోతుంది. మిగిలిన పెద్ద గులకలు పైకి తేలి, కింది ఇసుకకు కవచంలా పరచుకుంటాయి. కోత క్రమంగా నెమ్మదిస్తుంది. ఆ కవచాన్ని చీల్చేంత పెద్ద వరద పంపితే ఒక్కసారిగా లోతైన కోత మళ్లీ మొదలవుతుంది. ఆనకట్ట దిగువన ఉన్న నది స్థితి ఇదే. మోయవలసిన ఇసుక పైనే ఆగిపోయినందున అడుగునూ గట్టునూ తినే ఈ ప్రవాహాన్ని శాస్త్రజ్ఞులు ఆకలిగొన్న నీరు అంటారు. నీరు బలంగా ఉండటం వల్లనే నది కోస్తుందని చాలామంది అనుకుంటారు. అంతే బలమున్న నీరు ఇసుకతో నిండి వస్తే కోయకపోవచ్చు, మేట కూడా వేయవచ్చు. ఏ పరిశోధన నివేదిక చదివినా అందులో ఇసుక ఎక్కడి నుంచి, ఎంత వచ్చిందో ముందుగా వెతకమని నా మనవి.

నమూనాను వంద రెట్లు చిన్నది చేస్తే ఇసుకను కూడా వంద రెట్లు చిన్నది చేస్తారా?

నీటి విషయంలో కొలత కుదింపు చక్కగా పనిచేస్తుంది. పొడవు, లోతు, వెడల్పు అన్నీ వందో వంతుకు కుదిస్తే, గురుత్వాకర్షణ సూత్రం ప్రకారం వేగం పదో వంతు, సెకనుకు పారే నీటి పరిమాణం లక్షో వంతు అవుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరిలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. ఆ వరదకు ఇటువంటి నమూనాలో 35 క్యూసెక్కులు, అంటే సెకనుకు దాదాపు వెయ్యి లీటర్లు కావాలి. పెద్ద ప్రయోగశాలలు అంత నీటిని తిప్పగలవు.

చిక్కంతా ఇసుక దగ్గరే. అర మిల్లీమీటరు ఇసుకను వందో వంతుకు కుదిస్తే అది ఇసుక కాదు, పిండిలా అంటుకునే మట్టి. దాని ప్రవర్తనే వేరు. పైగా 0.6 మిల్లీమీటర్ల లోపు ఇసుక అడుగు మీద చిన్న చిన్న అలల్లాంటి గీతలు ఏర్పడతాయి. ఆ గీతల పరిమాణం నీటి లోతును బట్టి కాక రేణువును బట్టి ఉంటుంది. అందువల్ల నదిలో పట్టించుకోనవసరం లేని ఆ గీతలు నమూనాలో పెద్ద అడ్డంకులవుతాయి. దీన్ని దాటడానికి బొగ్గుపొడి, వాల్‌నట్ చిప్పల పొడి, ప్లాస్టిక్ గింజల వంటి తేలికైన పదార్థాలు వాడతారు. కొన్నిసార్లు లోతును తక్కువగా, వెడల్పును ఎక్కువగా కుదిస్తారు. ఏ ఉపాయంలోనైనా ఒకటి సరిపోతే మరొకటి తప్పుతుంది. ప్రత్యేకించి కాలం లెక్క నమ్మదగ్గది కాదు: నీటి ప్రకారం నమూనాలోని ఒక గంట నదిలో పది గంటలైనా, ఇసుక ప్రకారం అది నెలలకు సమానం కావచ్చు. ఎక్కడ కోస్తుందన్న ప్రశ్నకు ఇటువంటి నమూనా చెప్పే జవాబును నేను గౌరవిస్తాను. ఎన్నేళ్లలో కోస్తుందన్న జవాబును మాత్రం నదిలో తీసిన కొలతలతో పోల్చేదాకా అంగీకరించను.

నది వంపులను ప్రయోగశాలలో తయారు చేయగలిగారా?

చాలాకాలం సరిగా చేయలేకపోయారు. 1945లో అమెరికాలోని విక్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఫ్రీడ్‌కిన్ వదులు ఇసుకలో వంపులు పుట్టించాడు గాని, అలాంటి కాలువలు కొంతసేపటికి వెడల్పై, పాయలుగా చీలిపోయేవి. వంపు నిలవాలంటే బయటి గట్టు నెమ్మదిగా కోయాలి, లోపలి గట్టు అంతే వేగంతో పెరగాలి. వదులు ఇసుక గట్టుకు ఆ ఓర్పు లేదు.

2009లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బర్క్‌లీ పరిశోధకులు బ్రాడ్రిక్, డీట్రిచ్, వారి సహచరులు గట్ల మీద అల్ఫాల్ఫా విత్తనాలు చల్లారు. మన రైతులు పశువుల మేతకు పెంచే లూసర్న్ ఇదే. మొలకల వేళ్లు గట్టుకు పట్టునిచ్చాయి. అదొక్కటే చాలలేదు. ఇసుకతిన్నెకూ గట్టుకూ మధ్య మిగిలే గాడి పూడకపోతే నీరు అడ్డదారి పట్టి వంపును తెంచేస్తుంది. ఆ గాడిని పూడ్చడానికి తేలికైన సన్నని రేణువులు కూడా అవసరమయ్యాయి. గట్టుకు వేళ్ల పట్టు, గాడికి సన్నని పూడిక రెండూ కలిసినప్పుడే వంపుల నది తన ఆకారాన్ని నిలుపుకుంటూ జరిగింది. నదిలో ఇసుకకు ఉన్నంత పని సన్నని ఒండ్రుకూ ఉందని చూపిన ఈ ప్రయోగం నాకు ఎంతో ఇష్టమైనది.

రాతి అడుగును కోసేది నీరేనా?

ముఖ్యంగా నీరు మోసుకొచ్చే రాళ్లు. 2001లో స్క్లార్, డీట్రిచ్ రాతి బిళ్లలను గుండ్రటి పాత్రల అడుగున బిగించి, నీటిని సుడి తిప్పుతూ గులకలు వేసి అరుగుదలను తూచారు. గులకలు పెంచేకొద్దీ అరుగుదల పెరిగింది. ఒక మోతాదు దాటాక తగ్గింది. తక్కువైతే కొట్టే పనిముట్లు లేవు, ఎక్కువైతే అవే అడుగును కప్పి కాపాడతాయి. ఇక్కడ కూడా జవాబును నిర్ణయించినది ఇసుక, రాళ్ల సరఫరాయే.

వంతెన స్తంభాల దగ్గర గుంటలు ఎందుకు పడతాయి?

ప్రవాహం స్తంభానికి తగిలి కిందికి మళ్లి, స్తంభం అడుగున గుర్రపు నాడా ఆకారంలో సుడి తిరుగుతుంది. ఆ సుడి ఇసుకను తవ్విపోస్తుంది. వరద తగ్గాక గుంట మళ్లీ పూడిపోవడంతో పైకి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఈ భ్రమలోనే ఉంది. 1987 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహరీ వాగుపై వంతెన ఇలాంటి కోత వల్లే కూలి పది మంది మరణించారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మెల్విల్, ఆయన సహచరులు చేసిన ఫ్లూమ్ ప్రయోగాల ప్రకారం సన్నని స్తంభం వద్ద గుంట లోతు స్తంభం వెడల్పుకు దాదాపు 2.4 రెట్ల దాకా వెళ్లవచ్చు. మన దేశపు నియమావళి మరో దారిన వచ్చింది: ఉపఖండపు కాలువల కొలతల నుంచి ఇంజనీరు జెరాల్డ్ లేసీ 1930లో రూపొందించిన లోతు సూత్రం ఆధారంగా సాధారణ కోత లోతు లెక్కించి, స్తంభాల వద్ద దాన్ని రెట్టింపు చేస్తారు. మన పెద్ద నదుల వంతెనలకు అంత లోతైన బావి పునాదులు దించడం ఇందుకే.

వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు నిలిచిన గట్టు, తగ్గుముఖం పట్టాక ఎందుకు జారిపోతుంది?

వరదలో ఉన్న నీరు గట్టును పక్కనుంచి నెట్టి నిలబెడుతుంది, అదే సమయంలో గట్టు మట్టిలోకి కూడా ఇంకుతుంది. నీటిమట్టం త్వరగా దిగితే ఆ ఆసరా పోతుంది. లోపలి తడి బరువు మాత్రం ఉండిపోతుంది. ఈలోగా గట్టు పాదం కోసుకుపోయి ఉంటే పైభాగం పెళ్లలుగా విరిగి పడుతుంది. గోదావరి లంకల్లో కొబ్బరి చెట్లతో సహా నేల నదిలోకి జారడం ఈ వరుసలోనే జరుగుతుంది. గట్టుకు రక్షణగా వేసే రివెట్‌మెంట్ రాళ్లను ఎంత ఎత్తుకు పేర్చామన్నదానికన్నా, పాదం దగ్గర ఎంత లోతుకు దించామన్నది ముఖ్యమని నమూనా ప్రయోగాలు మళ్లీ మళ్లీ చూపాయి.

ఈ పరిశోధనకు మన జలాశయాలతో, డెల్టాతో సంబంధం ఏమిటి?

శ్రీశైలం జలాశయం తొలి సామర్థ్యం సుమారు 308 టీఎంసీలు. తరవాతి సర్వేల ప్రకారం అది 216 టీఎంసీలకు దగ్గరగా ఉంది. తుంగభద్ర 133 టీఎంసీలతో మొదలై, 2008 సర్వేలో 101 టీఎంసీలకు, 2016 సర్వేలో సుమారు 106 టీఎంసీలకు లెక్క తేలింది. పూడిక తనంతట తాను తగ్గదు కాబట్టి చివరి రెండు అంకెల తేడా కొలిచే పద్ధతుల మీద ఎంత జాగ్రత్త అవసరమో చెబుతోంది. అక్కడ ఆగిన ఒండ్రు దిగువకు చేరవలసినదే. గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకే సగానికన్నా తక్కువైంది. అలలు తీసుకుపోయేదాన్ని నది తిరిగి నింపలేకపోతే తీరం వెనక్కి జరుగుతుంది. ఇసుక పోయడం ఆపిన ఫ్లూమ్‌లో చూసే దృశ్యాన్నే ఇక్కడ పెద్ద కొలతలో చూస్తున్నాం. జలాశయపు అడుగు గేట్ల ద్వారా పూడికను ఎప్పుడు, ఎంత వదిలితే దిగువకు మేలో తేల్చడానికి నమూనా ప్రయోగాలు చేయడం అత్యవసరమని నా గట్టి అభిప్రాయం.

మన దేశంలో ఈ పని ఎక్కడ జరుగుతోంది?

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం 1916లో బొంబాయి ప్రెసిడెన్సీ చిన్న విభాగంగా మొదలైంది. ఇంజనీరు క్లాడ్ ఇంగ్లిస్ నాయకత్వంలో అది నదీ నమూనాలకు పేరుపొందింది. పోలవరం స్పిల్‌వే నమూనా పరీక్షలు కూడా అక్కడే జరిగాయి. రూర్కీలో ఆర్.జె.గర్దే, కె.జి.రంగరాజు ఇసుక రవాణాపై దశాబ్దాలు పనిచేశారు. హైదరాబాద్ హిమాయత్‌సాగర్ వద్ద కూడా ఇంజనీరింగ్ పరిశోధనశాల ఉంది.

కంప్యూటర్లు వచ్చాక ఇంకా ఫ్లూములు ఎందుకు?

కంప్యూటర్ నమూనా లోపల ఉన్న ఇసుక సూత్రాలు ఫ్లూముల్లోంచి వచ్చినవే. ఒకే ప్రవాహానికి వేర్వేరు సూత్రాలు చెప్పే ఇసుక మోతాదుల మధ్య కొన్ని రెట్ల తేడా రావడం అరుదు కాదు. నది పొడవునా నీటిమట్టం లెక్కించడానికి కంప్యూటరే మేలు. స్తంభం చుట్టూ సుడి, బంక గట్టు విరగడం వంటి చోట్ల ఇంకా ఫ్లూమ్‌నే అడగాలి.

పాఠశాలలో ఇలాంటి ప్రయోగం చేయవచ్చా?

తప్పకుండా చేయవచ్చు. ఒకటిన్నర మీటర్ల పొడవు, ఒక అడుగు వెడల్పున్న రేకు తొట్టి చాలు. కడిగి, జల్లెడ పట్టిన ఇసుకను నాలుగు వేళ్ల మందాన పరిచి, ఒక చివరను మూడు సెంటీమీటర్లు ఎత్తండి. కుళాయి గొట్టంతో సన్నని ధార వదలండి, కింది చివర గుడ్డ కట్టిన బకెట్ పెట్టండి. మొదటిరోజు నీరు మాత్రమే వదిలి, అయిదేసి నిమిషాలకు గుడ్డలో చేరిన ఇసుకను ఆరబెట్టి తూచి, అడుగు ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోండి. రెండోరోజు ఇసుకను మళ్లీ సమంగా పరిచి, అదే ధారతో, పైచివర నిమిషానికో చెంచా ఇసుక వేస్తూ అవే కొలతలు తీయండి. మూడోరోజు చెంచాలను రెట్టింపు చేయండి. ధార మూడు రోజులూ ఒకటే ఉండేలా, లీటరు సీసా నిండడానికి పట్టే సెకన్లను ప్రతిసారీ ముందుగా లెక్కపెట్టండి. కొలతలన్నీ ఒకే గ్రాఫ్ కాగితం మీద మూడు రంగుల్లో గీసి, ఏ రంగు గీత కిందికి దిగిందో, ఏది పైకి లేచిందో పిల్లల చేతనే చెప్పించండి.